క్యాసెట్‌లో ఒక పాట తక్కువ

పటాన్‌చెరులో నేను పనిచేసిన ఫోర్జింగ్ షాపులో, ఎర్రగా కాలిన ఇనుమును సుత్తి యంత్రాలు రోజంతా మోదుతుండేవి. చెవుల్లో దూది పెట్టుకుని నిలబడేవాళ్లం. ఏటా వినికిడి పరీక్ష ఉండేది. చెవులు పోయాయని తేలితే స్టోర్సుకు మారుస్తారు, జీతం తగ్గుతుంది. అందుకని హెడ్‌ఫోన్లో ఏమీ వినిపించకపోయినా, కాంపౌండరు బొటనవేలు బటన్ మీద కదలగానే అందరం వేలెత్తేవాళ్లం. ఆ పరీక్షలో నేనెన్నడూ తప్పలేదు. ఇంట్లో మాత్రం మా ఆవిడ, “సుత్తెకు పలుకుతవు, నాకు పలుకవు” అని దెప్పేది. ఆమే మాటలు మింగేస్తోందని నా నమ్మకం.

నేను రిటైరైన కొత్తలో, తొంభైల చివర, మా మేడ మీది గదిలోకి విశాఖ నుంచి వచ్చిన ఒక కెమిస్టు కిరాయికి దిగాడు. పాశమైలారంలో మందుల ఫ్యాక్టరీలో పని. అతని టేప్‌రికార్డర్ మోత తగ్గించమని చెప్పి రమ్మని ఆవిడ నన్ను పంపింది. వెళ్లినవాణ్ని అక్కడే కూర్చుండిపోయాను. రేడియో పాటలు నాకు చాలా కాలంగా తడిబట్ట చాటు నుంచి వస్తున్నట్టుండేవి. ఈ డ్రమ్ములూ గిటార్లూ మాత్రం ఛాతీకి తగిలాయి. మెటల్ అనే హోరెత్తించే రాక్ సంగీతంలో పల్లెపాటలు కలిపే ఏదో చిన్న బ్యాండట. ఇదే వాళ్ల మొదటి ఆల్బమట. తన స్నేహితుల్లో కూడా ఎవరికీ వాళ్ల పేరు తెలియదన్నాడు. క్యాసెట్ అడిగి కిందికి తెచ్చుకున్నాను.

ఏదైనా పద్ధతిగా వినడం నా అలవాటు. అట్ట మీది పాటల పేర్లు డైరీలో ఎక్కించుకుని, ఒక్కొక్కటి అయ్యాక టిక్కు పెట్టాను. మొదటి వైపు అయిదు పాటలని రాసి ఉంది. నాకు నాలుగే వచ్చాయి. మూడో పాట తర్వాత చాలాసేపు ఖాళీ టేపు తిరిగింది. మళ్లీ వేసి చూసినా అంతే. మోసపోయావయ్యా అని చెప్పడానికి పైకి వెళ్లాను.

అతను టేపు పెట్టాడు. ఆరిన బట్టలు తీయడానికి వచ్చిన మా ఆవిడ గుమ్మం దగ్గర ఆగింది. మూడో పాట ముగిసింది.

“ఇదిగో, ఇక్కడే చెరిగిపోయింది,” అన్నాను.

అతను ఇబ్బందిగా చూశాడు. “అంకుల్, పాట వస్తూనే ఉందండి.”

వేళాకోళం అనుకుని ఆవిడ వైపు తిరిగాను. బట్టలు గుండెకు పట్టుకుని నిలబడి ఉంది.

“ఆడపిల్ల ఒక్కతే సన్నగ పాడుతున్నది. డప్పు గిట్ల ఏం లేదు,” అంది. తర్వాత దగ్గరకు వచ్చి, “నిజంగనే ఇనబడ్తలేదా?” అని అడిగింది.

డ్రమ్ములు మొదలయ్యాకే ఆ పాట అయిపోయిందని నాకు తెలిసింది.

సంగారెడ్డిలో చెవుల డాక్టరు, నరం దెబ్బతిన్నది, పోయింది ఇక రాదు అన్నాడు. ఆ తర్వాత మా ఆవిడ నన్ను దెప్పడం మానేసింది. ఏదైనా చెప్పాలంటే వంటింట్లోంచి లేచి వచ్చి నా ఎదురుగా నిలబడేది. చిన్న చిన్న మాటలకు అంత దూరం నడవడం ఎందుకనుకుందో ఏమో, కొన్నాళ్లకు అవి చెప్పడం మానుకుంది.