టచప్ బాబాయ్ చెరిపేసిన చంకకర్ర

ఫోటో స్టూడియో నడిపే ఆయన్ని వీధిలో పిల్లా పెద్దా అందరూ టచప్ బాబాయ్ అనే పిలుస్తారు. మొటిమ, మచ్చ, రేగిన జుట్టు, వెనక గోడ మీద కరెంటు తీగ... ఏదైనా సరే, ఆయన మౌస్ కిందికి వచ్చిందా, ఇక అంతే సంగతులు. అడక్కుండానే తుడిచిపెట్టడం ఆయన లెక్కలో మర్యాద.

అదే వీధిలో బట్టలు కుట్టే, చంకకర్రతో నడిచే అమ్మాయి ఫోటోకీ ఆ మర్యాదే చేశాడు. ఆమె, స్నేహితులు కలిసి వికలాంగుల రోజువారీ పనుల మీద చిన్న సినిమా తీశారు. జాలి చూపులు, ఏడుపు సంగీతం ఉండకూడదని వాళ్ల పంతం. పోస్టర్ మీద ఆమె బొమ్మే. సాయంత్రంలోగా ప్రెస్సుకు అందకపోతే సినిమా వేసే రోజుకు పోస్టర్లే ఉండవు.

ఆమె కంప్యూటర్ తెర మీదికి వంగి చూసింది.

"నా కర్ర ఏది బాబాయ్?"

"తీసేశానమ్మా. ఆనవాలైనా ఉందేమో చూడు."

"అందుకే కూలబోయే గోడలా ఉన్నాను. కర్ర దాచుకునే మనిషి బొమ్మ ఈ సినిమాకెందుకు?"

నిజమే. భుజం ఓ పక్కకి వాలి ఉంది, చంక కింద ఏమీ లేదు. అసలు ఫోటో మీదే సేవ్ చేయడం, వెంటనే కెమెరా కార్డు ఖాళీ చేయడం బాబాయ్ అలవాటు. కర్ర ఉన్న ఫోటో ఇక ఎక్కడా లేదు. నేనే గీసిస్తానని కూర్చున్నాడు. గీసింది చూసి ఆమె నవ్వాపుకోలేక కౌంటరు పట్టుకుంది.

"చీపురు చంకలో పెట్టావేంటి బాబాయ్?"

బాబాయ్‌కి కోపం రాలేదు, వింతగా అనిపించింది. ఇన్నేళ్లుగా ఎన్ని కర్రలు, ఎన్ని చక్రాల కుర్చీలు చెరిపాడో. ఒక్కదాన్నీ సరిగ్గా చూసిన పాపాన పోలేదు. ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టి, కర్ర ఒకసారి ఇమ్మన్నాడు.

పైన మెత్తకి, మిగిలిన ముక్కలతో కుట్టిన పూల గలీబు. అడుగున రబ్బరు ఒక వైపే అరిగింది. ఎందుకలా అని అడిగితే, కుట్టు మెషిన్ దగ్గర ఎప్పుడూ అటే తిరుగుతానంది. పిడి కింద చుట్టిన గుడ్డకి వరసగా గుండుసూదులు.

"ఇవి?"

"చేతికందేలా ఇంకెక్కడ పెట్టుకోను?"

కర్ర ఆమెకిచ్చి, మళ్లీ నిలబెట్టి ఫోటో తీశాడు. ఈసారి లైటు సూదుల మీద పడేలా జరిపాడు. మౌస్ ముట్టుకోకుండానే ప్రెస్సుకు పంపాడు.

పోస్టర్లు గోడెక్కాయి. కాలికేమైందని అడిగినవాళ్లు తక్కువ. కర్రకి ఆ సూదులేంటని మాత్రం చాలామంది స్టూడియోలోకి వచ్చి మరీ అడిగారు. బాబాయ్ కుర్చీ లాగి వాళ్లని కూర్చోబెట్టి, కర్ర అడుగున అరిగిన రబ్బరు దగ్గర్నుంచి చెప్పడం మొదలుపెట్టేవాడు.