హంసలదీవికి ఒక వేలిముద్ర కోసం

నేను గుడివాడలో విగ్రహాలు చేస్తాను. మా చుట్టుపక్కల కూడళ్లలో చెయ్యి చాపి నిలబడ్డ నాయకుల్లో కొందరు నా షెడ్డులోంచి వెళ్లినవాళ్లే. అందుకే నగరంలో ప్రదర్శనలు పెట్టే సంస్థ ఒకటి ఫోన్ చేసినప్పుడు మామూలు ఆర్డరే అనుకున్నాను. తీరా చూస్తే వాళ్లకు కావాల్సింది ఫైబరు బొమ్మ కాదు. చనిపోయాక దానంగా వచ్చిన దేహాలను చెడిపోకుండా భద్రపరిచి, చర్మం తీసి, కండరాలు కనిపించేలా నిలబెట్టి కళాఖండాలుగా చూపిస్తారట. బందరు వైద్య కళాశాలలో ఒక జాలరి దేహం ఉంది, అతను వల విసురుతున్న భంగిమను మీరు దిద్దాలి అన్నారు. ఇంటివాళ్లు ఒప్పుకుంటే తప్ప కళాశాల ఆ మాటే ఎత్తనివ్వడం లేదట. మీ వైపు మనుషులే కదా, ఆ వేలిముద్రేదో మీరే వేయించుకురండి అని కాగితం కూడా పంపించారు. ఇరవయ్యేళ్లుగా చేస్తున్న ఈ పనిలో అంత పేరు తెచ్చేది నాకింకోటి తగల్లేదు. అబద్ధమెందుకు, ఆశ పుట్టింది.

ఉదయం ఆరున్నరకు గుడివాడలో బందరు బస్సెక్కాను. బోర్డు మీద మచిలీపట్నం అని రాసినా కండక్టరు నోట వచ్చేది బందరే. గంటంపావు ప్రయాణం, అరవై రూపాయల లోపు టికెట్టు. బస్టాండు ఎదుట వేడి ఇడ్లీ తిని తొమ్మిదింటికల్లా కళాశాలకు చేరాను. అనాటమీ విభాగం మేడమ్ నన్ను కూర్చోబెట్టి ఆ జాలరి ఏడుకొండలు కథ చెప్పారు. సముద్రం మీద తాడు లాగుతుంటే ఆయన కుడిచెయ్యి చీలిపోయిందట. తెగిన నరాన్ని ఒక కుర్ర డాక్టరమ్మ ఓపిగ్గా కలిపింది. లోపల ఏది ఎక్కడుందో నీకెట్టా తెలుసమ్మా అని ఆయన అడిగితే, ఎవరో పుణ్యాత్ములు ఇచ్చిన దేహం మీద నేర్చుకున్నానని చెప్పింది. కట్టు విప్పిన వారమే ఆయన వచ్చి దానపత్రం రాసిచ్చారు.

మేడమ్ తెల్లగుడ్డ అంచు తీసి ఆ చెయ్యి ఒక్కటే చూపించారు. అరచేతి నుంచి మణికట్టు దాకా కుట్టిన మచ్చ ఉంది. ఏ చెయ్యి చూసినా కంటితోనే కొలతలు తీసేసే అలవాటు నాది. ఆ చేతిని మాత్రం కొలవబుద్ధి కాలేదు.

"ఈ ఏడాది చేరబోయే మా పిల్లలకి మొదటి గురువు ఈయనేనండీ. తొలిరోజు అందరూ నిలబడి దండం పెట్టుకుని, ప్రమాణం చేశాకే క్లాసు మొదలవుద్ది," అన్నారు మేడమ్.

పదిన్నర బస్సులో చల్లపల్లి, మోపిదేవి మీదుగా అవనిగడ్డ, అక్కడ బస్సు మారి కోడూరు చేరేసరికి ఒంటిగంట దాటింది. కోడూరు నుంచి హంసలదీవికి ఆటో రానూపోనూ, అక్కడ ఆగడంతో కలిపి ఆరువందలకు మాట్లాడుకున్నాను. దారికి రెండువైపులా వరి, ఆ తర్వాత చేపల చెరువులు.

"గుడికా మేడమ్, బీచికా?" అనడిగాడు డ్రైవరు రాంబాబు.

"ఏడుకొండలు గారింటికి."

"ఒంటిని కాలేజీకిచ్చేసినాయనా? అప్పట్లో మా వైపు నెల్లాళ్లు అదే గోలండీ. మట్టి చెయ్యకుండా ఎట్టా పంపించిందని వాళ్లావిడ్ని అనని మాట లేదు."

నా సంచిలోని కాగితం అప్పుడే బరువనిపించడం మొదలైంది.

ఏడుకొండలు గారి భార్య నాంచారమ్మ వాకిట్లో ఎండుచేపలు తిరగేస్తోంది. బందరు నుంచి వచ్చానని చెప్పగానే ముందు అన్నం పెట్టింది. మెత్తళ్లనే చిన్న చేపల పులుసు అంత రుచిగా నేనెక్కడా తినలేదు. తిన్నాక సంస్థ అడిగిన సంగతి, వేలిముద్ర కాగితం సంగతి చెప్పి, నేను గీసి తెచ్చుకున్న భంగిమ చూపిస్తే పకపకా నవ్వింది.

"మూతి ఖాళీగా ఉందేంటి అమ్మాయ్? వల అంచు పంట పట్టుకోకపోతే అది విచ్చుకుని ఎట్టా పడుద్ది?"

దండెం మీది విసురు వల తీసి, తాడు మణికట్టుకు చుట్టుకుని, సగం మోచేతి మీద వేసుకుని, అంచు పంటితో కరిచి నిలబడి చూపించింది. అరవై దాటిన మనిషి నడుము తిప్పిన తీరు చూసి నా బొమ్మ కాగితం మడిచేశాను. వల దించి, మెల్లగా అడిగింది.

"ఆయన్ని చూశావా? చేతి మీద మచ్చ ఉందా?"

"ఉంది పిన్నిగారూ."

"మరి ఈ బొమ్మలో ఉంటదా?"

"ఉండదండీ. చర్మం తీసేస్తారు. పేరు కూడా రాయరు." దాచబుద్ధి కాక ఇంకో మాటా చెప్పాను: "కాలేజీలో కూడా పాఠం కోసం తీస్తారు."

"అది ఆయనకి తెలుసు. డాక్టరమ్మ అన్నీ చెప్పింది, ఒప్పుకున్నాడు. నాకూ చెప్పాడు. అందుకే ఎవరేమన్నా పడ్డాను. ఇది ఆయన్నెవరూ అడగలేదుగా." వంగి రెండు చేపలు తిరగేసింది. "నేను చదువుకోలేదమ్మాయ్. వేలిముద్ర వెయ్యమంటే వేస్తా. నీ ఇంటాయనైతే నువ్వు వేస్తావా?"

వేలిముద్ర కాగితం నాలుగు మడతలు పెట్టి సంచిలో అడుగున పడేశాను. "వద్దులెండి," అన్నాను. మేడమ్ చెప్పిన తొలిరోజు దండాల సంగతి ఆవిడకు చెప్పాను. బడి గడప తొక్కని మనిషి గురువయ్యాడా అని కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"ఆ రోజు నేనూ వచ్చి నిలబడొచ్చా?"

కృష్ణ సముద్రంలో కలిసే చోటుకు నాలుగింటికి వెళ్లాను. సాయంత్రం అక్కడి నుంచి జనాన్ని త్వరగా పంపించేస్తారు కాబట్టి మీరు ఇంకా ముందే వెళ్లండి. ఇసుకలో నిలబడే సంస్థకు ఫోన్ చేసి పని వదిలేశానని చెప్పాను. తర్వాత మేడమ్‌కు చేశాను. "రమ్మనండి, ముందు వరసలో నిలబెడతాం," అన్నారు. తీసుకొచ్చే పని నాదే.

తమ దేహాన్ని బొమ్మలా నిలబెట్టమని అన్నీ తెలిసే కోరి రాసిచ్చేవాళ్లూ ఉండొచ్చు. అది వాళ్ల ఇష్టం, వాళ్లకు నేను భంగిమ దిద్దుతాను కూడా. కానీ ఏడుకొండలు గారు ఇచ్చింది చదువుకు. పేరొచ్చే పని పోయిందని బాధ లేదంటే అబద్ధమే. అయినా ఆ రాత్రి ఇంటికొచ్చి హాయిగా నిద్రపోయాను. మీరూ దేహదానం చేయాలనుకుంటుంటే ఒక్క పని చేయండి. దేనికి ఇస్తున్నారో, దేనికి ఇవ్వడం లేదో పత్రం మీద మీ చేత్తోనే రాసి, ఇంట్లోవాళ్లకు చదివి వినిపించండి. ఆ తర్వాత నాలాంటిది ఎవరైనా కాగితం పట్టుకుని గుమ్మంలోకొస్తే, మీ ఇంట్లోవాళ్లు వేలిముద్ర వెయ్యకుండానే అన్నం పెట్టి పంపిస్తే సరిపోతుంది.