గట్టు మీది రైతు

బసవయ్య వ్యవసాయమంతా ఇప్పుడు భవానీపురంలో, అపార్ట్‌మెంట్ గేటు దగ్గర సిమెంటు బల్ల మీద సాగుతోంది. పొలం అమ్మేసి పద్దెనిమిదేళ్ళయినా, ఎరువు ఎప్పుడెయ్యాలో, నీళ్ళు ఎప్పుడు తీయాలో వాచ్‌మన్‌కి రోజూ పాఠమే. పాపం, ఆ వాచ్‌మన్‌కి ఉన్నది రెండు పూలకుండీలు.

చెప్పి చెప్పి విసుగొచ్చి, ఆయనకి మళ్ళీ నిజంగా సాగు చెయ్యాలని మనసైంది. తమ్ముడి కూతురు కనకలక్ష్మి కంకిపాడు దగ్గర ఆరెకరాలు చేస్తోంది. "ఒక్క అరెకరం నాకు వదిలెయ్ అమ్మాయ్, సేద్యమంటే ఏమిటో చూపిస్తా," అని ఫోన్ చేశాడు. ముందొచ్చి చేను చూడండి పెదనాన్నా, తర్వాత మాట్లాడుకుందాం అందామె.

తెల్ల పంచె కట్టి మరీ వెళ్ళాడు. చూసిన ప్రతిదానికీ మూతి విరిచాడు. నారు పొయ్యలేదు, నాట్లు వెయ్యలేదు, దమ్ము చేసిన మడిలోనే విత్తనాలు చల్లేశారట. మందు డ్రోన్ కొడుతుందట.

"ఇది సేద్యమా, పెళ్ళి వీడియోనా? మడిలో మనిషి కాలు పెట్టకుండా పండేదీ ఒక వరేనా?" అన్నాడు.

కనకలక్ష్మి నవ్వింది. మందుకి లొంగని ఊద అక్కడక్కడా మిగిలింది, అది మాత్రం చేత్తోనే పీకాలి అంది.

ఇంకేం, ఆయన పంచె ఎగ్గట్టి మడిలోకి దిగాడు. ఊద అచ్చం వరిలా కనబడే కలుపు. అయినా ఆయన లెక్క ఆయనకుంది. నాటిన చేలో వరి మూడు నాలుగు మొక్కలు కలిసి కుదుళ్ళుగా ఉంటుంది, ఒంటరిగా నిలబడిందల్లా కలుపే. గంటసేపు ఒంటరిదాన్నల్లా పీకి, చిన్న మోపు గట్టు మీద పడేసి నడుం పట్టుకున్నాడు. అబ్బో, ఆ ముఖంలో వెలుగు చూడాలి.

కనకలక్ష్మి వంగి మొక్కలు తిప్పి చూసింది. ఈసారి నవ్వలేదు.

"ఇది వరి పెదనాన్నా. చల్లిన చేలో వరి ఒంటరిగానే మొలుస్తుంది."

మోపులో నాలుగు తప్ప అన్నీ వరే.

"కళ్ళజోడు మార్పించాలి," అన్నాడాయన.

"మీ చేలో ఊద ఎవరు తీసేవారు?" ఎత్తిపొడుపు లేదు, తెలుసుకుందామనే అడిగింది.

ముప్పై ఏళ్ళు గొడుగేసుకుని గట్టు మీద నిలబడ్డ మనిషి ఆయన. సిగ్గేసింది.

"మాణిక్యం. కూలికి వచ్చేది. అంతా ఆవిడే చూసుకునేది."

అరెకరం మాట ఆయన ఎత్తలేదు, ఆమె అడగలేదు. పీకిన వరిలో బతికేది ఏరి ఆమె మళ్ళీ చేత్తో నాటుకుంటూ పోతుంటే, బసవయ్య గట్టు మీద నిలబడి చూశాడు.