పెద్రో సమాధి పలక

మొన్న స్టుట్‌గార్ట్‌లో ఇల్లు మారుతూ ఒక అట్టపెట్టె విప్పగానే పాత కాగితాల వాసన గుప్పుమంది. మా అమ్మాయి ముక్కు మూసుకుంది. నాకు మాత్రం పాడర్‌బోర్న్‌లో ఫ్రావ్ కెల్నర్ గారి ముందుగది కళ్ల ముందు నిలిచింది.

ఆవిడ రిటైరైన చరిత్ర టీచరు. నేను అక్కడ మాస్టర్స్ చదివే రోజుల్లో, పాత ఫొటోలూ ఉత్తరాలూ స్కాన్ చేసిపెట్టే మనిషి కావాలని యూనివర్సిటీ నోటీసు బోర్డులో ఆవిడ పెట్టిన చీటీ చూసి వెళ్లాను. అవన్నీ వాళ్ల తాతగారు ఓటోవి. ఆయన వడ్రంగి. వయసులో ఉండగా అమెరికా వెళ్లి, కాలిఫోర్నియాలో ఒక ఎడారి లోయలోని బోరాక్స్ గనిలో పనికి కుదిరారు. సబ్బుల్లో, గాజులో వాడే తెల్లటి ఖనిజం అది. గని మూతపడ్డాక కంపెనీ కార్మికుల గదులకు సున్నం కొట్టించి, మంచాలు వేయించి, ఎడారి చూడవచ్చేవాళ్లకు అద్దెకిచ్చింది. ఓటో గారు సుత్తి పక్కనపెట్టి యాత్రికులకు గైడయ్యారు; చాలా ఏళ్లకు జర్మనీ తిరిగొచ్చారు.

మొదటి వారంలోనే నాకు చీవాట్లు పడ్డాయి. గని ముందు నిలబడ్డ పదిమంది ఫొటో కింద 'కార్మికులు' అని రాసి ఊరుకున్నాను. ఆవిడ భూతద్దం నా చేతికిచ్చారు.

"మళ్లీ చూడండి. ఏం కనిపిస్తోంది?"

"మూడో ఆయన బూటు పగిలి వేళ్లు బయటికొచ్చాయి. చివరాయన చేతికి గుడ్డ కట్టుంది."

"అదే రాయండి. పేర్లు మనకు తెలియవు, సరే. కళ్లకు కనిపించేది కూడా రాయకపోతే ఎలా?"

మందమర్రిలో మా నాన్న బొగ్గుగనిలో దిగే మనిషి. ఆ సంగతి జర్మనీలో అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు ఆవిడకు చెప్పాను. కాఫీ చల్లారిపోయేదాకా అడుగుతూనే ఉన్నారు: లోపలికి గాలి ఎలా వస్తుంది, అన్నం ఎక్కడ తింటారు, భయమేస్తే ఎవరితో చెప్పుకుంటారు. చివరి ప్రశ్నను ఆ ఆదివారం నాన్నకు ఫోన్ చేసి అడిగాను.

నా రూమ్మేట్ మౌనికది వరంగల్. దానికిదంతా వింత. "ఏందే, థీసిస్ ఇడిచిపెట్టి వాళ్ల తాత ఉత్తరాలు పట్టుకున్నవ్? ప్రొఫెసర్‌తోని మీటింగ్ గూడ క్యాన్సిల్ చేసినవట!" అనేది.

"ఎగ్జిబిషన్ దగ్గరికొచ్చిందే" అనేదాన్ని.

ఊరి గ్రంథాలయంలో తాతగారి జీవితం మీద ఎగ్జిబిషన్ పెట్టాలన్నది ఆవిడ ఎన్నాళ్ల కలో. పదిరోజుల ముందు, తాతగారు పాత జర్మన్ లిపిలో రాసిన ఒక ఉత్తరం ఆవిడ చదువుతుంటే నేను టైపు చేస్తున్నాను.

"యాత్రికులు సమాధి చూపించమంటారు. పేలుడులో పోయిన పెద్రోది తప్ప ఇక్కడ వేరే లేదు. కూలివాడి సమాధి ఎవరికి కావాలి? అందుకే అతని పేరున్న పలక పీకేసి, బంగారం వెతుకుతూ దాహంతో చనిపోయిన దొర అని కొత్తది చెక్కాను. ఆడవాళ్లు కళ్లొత్తుకుంటున్నారు."

ఆవిడ చదవడం ఆపారు. చిన్నప్పుడు తాత ఒళ్లో కూర్చుని ఆ బంగారం మనిషి కథ విని తనూ ఏడ్చేదాన్నని మెల్లగా చెప్పారు.

"ఈ ఒక్కటి పక్కన పెట్టేద్దామా? ఎవరికీ తెలియదు కదా" అన్నాను.

"మీకు తెలుసు. ఇప్పుడు నాకూ తెలిసింది." లేచి, ఉత్తరాన్ని ఎగ్జిబిషన్‌కు తీసిపెట్టిన కాగితాల్లో కలిపారు. "తాత నన్ను ప్రాణంగా చూసుకున్నారు. అదీ నిజమే. రెండూ పెడదాం."

విషయం తెలిసి ఆవిడ తమ్ముడు ఫోన్లో కేకలేశాడు, ప్రారంభానికి రాలేదు. ఎడారి ముచ్చట్లు విందామని వచ్చినవాళ్లకు గుమ్మం ఎదురుగానే ఆ ఉత్తరం, దాని పైన పెద్ద అక్షరాల్లో పెద్రో పేరు. ఆవిడ నిలబడి ఉత్తరం మొత్తం చదివారు. గొంతు వణుకుతూనే ఉంది. "ఈ పలక తీసింది మా తాత. మళ్లీ పెట్టించాల్సింది నేను" అన్నారు. ఆ లోయ బాగోగులు చూసేవాళ్లకు ప్రతులు పంపారు. ఏడాది తర్వాత అక్కణ్నుంచి ఒక ఫొటో వచ్చింది: రాళ్ల కుప్ప, దాని మీద పెద్రో పేరుతో కొత్త పలక.

ఫ్రావ్ కెల్నర్ గారు పోయి మూడేళ్లయింది. కిందటేడు మా ఆఫీసులో ఒక పెద్ద పొరపాటు బయటపడింది. ఉద్యోగం మానేసి వెళ్లిపోయిన సహోద్యోగి మీదికి అందరూ దాన్ని నెట్టేస్తున్నారు. అది చేసింది నేనని నాకొక్కదానికే తెలుసు. మీటింగులో లేచి, "అతను కాదు, నేను చేశాను" అన్నాను. గొంతు వణికింది. ఆవిడకూ వణికిందిగా అనుకుని, చివరిదాకా చెప్పాను.