డబ్బాకు రెస్టు

శంషాబాద్ దాటాక ఎత్తు మీద వెలిసిన ఒక కొత్త కాలనీలో, నీళ్ల ట్యాంకు గోడ మీద నా ఫోన్ నంబరు పెయింటుతో రాసి ఉంటుంది. ఎవరు రాశారో తెలిస్తే నాలుగు మాటలు అనాలని ఇప్పటికీ ఉంది. నీళ్లు రాకపోతే నాకే ఫోను.

అందరికంటే ముందు చేసేది అక్కడ సాయంత్రాలు టిఫిన్ బండి నడిపే అక్క. "అన్నా, ఇయ్యాల గూడ బండి బందేనా? నీళ్లు లేకుంటే పిండి ఎట్ల కలపాలె, గిన్నెలు ఎట్ల కడగాలె?" ఆమె కోపం న్యాయమే. ఆ బండి మీదే వాళ్ల ఇల్లు గడుస్తోంది.

ట్యాంకులో నీళ్లెంత ఉన్నాయో షాద్‌నగర్ రోడ్డు పక్కనున్న పంపుహౌసుకు కబురు అందేలా చూడటం నా ఉద్యోగం. ఇదివరకు ఆ కబురు భూమిలో వేసిన టెలిఫోన్ తీగ మీద పోయేది. ప్లాట్లు చేసేవాళ్ల జేసీబీలు దాన్ని తెంపడం, మేం అతికించడం, వాళ్లు మళ్లీ తెంపడం. విసిగిపోయి తీగను వదిలేసి, రెండు చోట్లా చాలా దూరం పలికే రేడియో డబ్బాలు బిగించాం. ట్యాంకు తగ్గితే మోటారు దానంతటదే నడుస్తుంది. కబురు అందకపోతే ఆగిపోతుంది.

రోజూ మధ్యాహ్నం, సరిగ్గా అక్క పిండి కలిపే వేళకే, ఆగిపోయేది.

మా సారు విమానాలను అనుమానించాడు. పొద్దస్తమానం ఎగిరే విమానాలకు మధ్యాహ్నం పూటే మా మీద పగ పుడుతుందా? యాంటెనా ఇంకొంచెం ఎత్తులో పెడదామంటే, ఎయిర్‌పోర్టు పక్కన దానికీ పర్మిషన్ కావాలట. మండుటెండలో ట్యాంకెక్కి యాంటెనా అటూ ఇటూ తిప్పేవాణ్ణి. కాసేపటికి సిగ్నల్ వచ్చేది. నేనే బాగు చేశాననుకుని దిగేవాణ్ణి. మర్నాడు మళ్లీ అక్క ఫోను.

ఒకరోజు ఒళ్లు మండి, ఫోను రాకముందే పంపుహౌసుకు పోయాను. అక్కడి ఆపరేటర్ పక్క ఊరి రైతు, పెద్దాయన. అన్నానికి ఇంటికి బయలుదేరుతూ, నా కళ్ల ముందే రేడియో డబ్బా స్విచ్ ఆపాడు.

"ఏంది బాపూ, దాన్నెందుకు ఆపుతున్నవ్?"

"జర రెస్టియ్యాలె గద సారూ. మోటర్‌కు గట్లనే ఇస్తుంటి. చెయ్యి పెట్టి చూడు, ఎట్ల కాలుతున్నదో."

ఏళ్ల తరబడి మోటారు కాలిపోకుండా కాపాడిన అలవాటు అది. రోజూ తిని, కాస్త నడుం వాల్చి వచ్చి మళ్లీ స్విచ్ వేసేవాడన్నమాట. ఆ వేళకు నేను ట్యాంకు మీద ఎండలో మాడుతూ ఉండేవాణ్ణి. తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

"అది మోటర్ కాదు బాపూ. రాత్రి పగలు నడిచినా దానికేం కాదు. అది ఆగితే కాలనీకి నీళ్లు బంద్. ఆడ ఒక అక్క టిఫిన్ బండి పెడుతలేదు, నీ రెస్టు వల్లనే." గట్టిగానే అన్నాను.

ఆయన ముఖం చిన్నబోయింది. స్విచ్ వేసి, "ఇగ ఆపను" అన్నాడు.

ఫోన్లు ఆగిపోయాయి. ఫోను రాకపోయినా నాకు అనుమానమే. వారం తర్వాత మధ్యాహ్నం పూట పోయి చూశాను. డబ్బా నడుస్తోంది. దాని ముందు స్టూలు మీద ఆయన టేబుల్ ఫ్యాన్ ఫుల్ స్పీడులో తిరుగుతోంది. ఆయన గుమ్మంలో కూర్చుని తువ్వాలతో చెమట తుడుచుకుంటున్నాడు.

"ఆపొద్దంటివి. మరి దాని పానం గూడ చూడాలె గద" అన్నాడు.

దానికి ఫ్యాన్ అక్కర్లేదని మొదటినుంచీ మళ్లీ చెప్పాను. విసుక్కుంటూనే ఫ్యాన్‌ను ఆయన వైపు తిప్పాను. సరే సరే అని తలూపాడు.

గేటు దగ్గర బైకు స్టార్ట్ చేస్తూ వెనక్కి చూశాను. ఫ్యాన్ మళ్లీ డబ్బా వైపే తిరిగి ఉంది.