కాలువ కట్టేశారు

1997. పటమటలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో తెలుగు లెక్చరర్‌ని. ఏడాదికోసారి పొడిగించే టెంపరరీ పోస్టు. పబ్లిక్ పరీక్షలకు ముందు ప్రీఫైనల్ పెట్టేవాళ్ళం. అందులో ఒక్క సబ్జెక్టు తప్పినా డిటైన్ చేసేవారు, అంటే ఆ ఏడు పబ్లిక్ పరీక్ష రాయనివ్వరు. కాలేజీ రిజల్టు తగ్గకూడదు గానీ, పిల్లలేమైపోతే ఎవరిక్కావాలి.

ఆ ఏడు పదిహేను మార్కుల ప్రశ్న ఇది: పాఠ్యపుస్తకంలోని రెండు పాత కథల్లో పాత్రలు, నేపథ్యం, ముగింపులు పోల్చండి. ఒకటి కాలువలో పడవ నడిపేవాడి కథ. రెండోది మగ్గం అమ్ముకున్న నేతగాడి కథ. పడవ కథ చివరి వాక్యం రెండే మాటలు, “కాలువ కట్టేశారు.”

పేపర్లు దిద్దడానికి మా హెడ్ గారు రాసిచ్చిన జవాబును కీ అంటాం. కాలువ నిర్మాణం పూర్తయింది కనుక మొదటి ముగింపు ఆశాజనకం, రెండోది విషాదం, అని ఉంది అందులో. ఆయన కాలువ మొహం చూసిన మనిషి కాదు.

పామర్రు నుంచి రోజూ బస్సులో వచ్చే షాహిదా మాత్రం రెండు ముగింపులూ ఒకటేనని రాసింది. కాలువ కట్టేశారంటే ఎండాకాలం నీళ్ళు ఆపేశారని. అక్కడ పడవ ఆగింది, ఇక్కడ మగ్గం ఆగింది. మళ్ళీ నీళ్ళొచ్చేదాకా పడవవాడు ఏం తింటాడో కథ చెప్పలేదు, అని కూడా రాసింది.

నాదీ పామర్రే. ఆ మాట వినని వేసవి లేదు నాకు. పేపరు పట్టుకుని హెడ్ గారి దగ్గరికి వెళ్ళాను.

“వాళ్ళింట్లో ఉర్దూ కదయ్యా, తెలుగు నుడికారం ఏం తెలుస్తుంది? కీ ప్రకారం వేసెయ్,” అన్నారు.

“పడవ నడిచే కాలువని మళ్ళీ కట్టడమేమిటండీ?”

“ఇంకో కాలువ అయ్యుంటుంది. వచ్చే ఏడు నీ పోస్టు సంగతి నేనే రాయాలి, గుర్తుందా?”

గుర్తుంది. మూడు మార్కులు వేశాను. మొత్తం ముప్పై రెండు వచ్చాయి. పాసవ్వాలంటే ముప్పై అయిదు రావాలి.

మర్నాడు షాహిదా పేపరుతో స్టాఫ్ రూముకొచ్చింది.

“మా నాన్న లస్కరండీ. కాలువ గేట్లు ఎత్తేదీ దించేదీ ఆయనే. ఏటా కాలువ కట్టేది మా నాన్నే సార్. నాకు తెలీదా?”

“కీలో అలా ఉందమ్మా.”

“మీదీ పామర్రే కదండీ?” అంది.

నేను పక్క పేపరు తీసి దిద్దడం మొదలుపెట్టాను. ఆ పిల్లని డిటైన్ చేశారు. మళ్ళీ కాలేజీకి రాలేదు.

ఇప్పుడు నేనే హెడ్‌ని, కీ నేనే రాస్తున్నాను. సబబుగా ఉన్న జవాబు కీలో లేకపోయినా మార్కులివ్వాలని కింద ఒక వాక్యం చేరుస్తాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. ఆ రోజు హెడ్ గారు తెలియక తప్పు చేశారు. నేను తెలిసి చేశాను.