సీసాలక్క మోసిన డబ్బా

మా కాలేజీలో ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. కెమిస్ట్రీ ల్యాబులో గాజుసీసాలు కడిగి, తుడిచి, బీరువాల్లో సర్దే ఉద్యోగం కాబట్టి అందరికీ సీసాలక్కే. ప్రిన్సిపాల్ కూడా ఒకసారి నోటీసులో పొరపాటున అలాగే రాయించారట.

పొట్టిగా, సన్నగా ఉండేది. ఎవరికీ అడ్డం రాకూడదన్నట్టు ఎప్పుడూ గోడవార నడిచేది. భయం ఆమెకు పుట్టుకతో వచ్చింది. ఉరిమితే చెవులు మూసుకునేది. బల్లి కనబడితే గదే ఖాళీ చేసేది. "నా నీడ చూసి నేనే ఉలిక్కిపడే రకాన్ని తల్లీ" అని తనే నవ్వేది. అలాంటి మనిషి చేతిలో సోడియం ఉన్న బీరువా తాళంచెవి పద్దెనిమిదేళ్ళు ఉంది.

ఆ లోహాన్ని ఆమె మొదటిసారి చూసింది ఉద్యోగంలో చేరిన వారంలోనే. అప్పటి కెమిస్ట్రీ సారు పిల్లలకు ప్రయోగం చేసి చూపిస్తున్నారు. కిరసనాయిల్లో మునిగి ఉన్న బూడిదరంగు ముద్దను పట్టకారుతో పైకి తీసి, కాగితం మీద అద్ది, చాకుతో కోశారు. లోహమంటే ఇనుములా ఉంటుందనుకున్న ఆమెకు, అది సబ్బుముక్కలా తెగడం వింతగా తోచింది. కోసిన చోట వెండిలా తళతళలాడింది. చూస్తుండగానే ఆ మెరుపు కాస్తా మసకబారింది.

"గాలి తగిలితేనే దీని ముఖం ఇలా మాడిపోతుంది. నీళ్ళు తగిలాయంటే ఇక మన మాట వినదు" అంటూ సారు కందిగింజంత ముక్కను గాజుతొట్టిలో వేశారు. అది మునగలేదు. నీటి మీద తేలి, కరిగి, గుండ్రటి పూసలా మారి, బుసలు కొడుతూ అటూ ఇటూ పరుగులు పెట్టి మాయమైంది.

అంతవరకూ బాగానే ఉంది. సారు బోర్డు వైపు తిరిగిన సందులో ఒక అమ్మాయి, పెద్ద ముక్క వేస్తే ఏమవుతుందో చూద్దామని, తొట్టిలో పడేసింది. ఢామ్మంటూ తొట్టి పగిలింది. గాజుపెంకు ఎగిరొచ్చి, మూలన నిలబడ్డ సీసాలక్క కనుబొమ్మను చీల్చింది. మూడు కుట్లు పడ్డాయి.

మర్నాడు ఆమె సారును అడిగింది. "ఇంత రాక్షసిని ఎందుకు పెంచుతున్నారు సార్?"

"రాక్షసేం కాదమ్మా. నువ్వు రోజూ కూరలో వేసే ఉప్పులో ఉన్నది ఇదే. క్లోరిన్‌తో జత కుదిరాక బుద్ధిగా ఉంటుంది. సబ్బు తయారీకి వాడే కాస్టిక్ సోడాలో, రొట్టె పొంగడానికి కలిపే సోడాలో, వీధిలో పసుపుపచ్చగా వెలిగే ఆ పాత దీపాల్లో, అన్నిట్లోనూ ఉంది. ఒంటరిగా ఉన్నప్పుడే దీనికి తిక్క."

ఆ మాట ఇంటికి మోసుకుపోయి అత్తగారికి చెప్పింది. ఆవిడ కంచం పక్కకు జరిపి, "అందుకా, నీ కూర తిన్నప్పుడల్లా నా కడుపులో బాంబులు పేలుతున్నాయి!" అంది. బస్సు డిపోలో మెకానిక్‌గా చేసే భర్త పొలమారేదాకా నవ్వాడు. సీసాలక్కకు మాత్రం నవ్వు రాలేదు. వారం రోజులు ఉప్పు చెంచాతో తీసుకుందే తప్ప చేత్తో ముట్టుకోలేదట.

తర్వాతి ఏళ్ళలో ప్రతి శనివారం ఆమెకు ఒక గండం ఉండేది. స్టోర్ రూములో బీరువా తెరవాలి, ఇసుక పోసిన రేకుడబ్బా మూత తీయాలి, అందులో నిలబెట్టిన పెద్ద సీసాలో కిరసనాయిలు ముద్దల పైదాకా ఉందో లేదో చూడాలి, తగ్గితే పోయాలి. ఊపిరి బిగబట్టి, తల పక్కకు తిప్పుకుని, ఒంటికన్నుతో చూసేది. కొన్నాళ్ళకు కాలేజీల్లో ఆ ప్రయోగం మానేశారు. సారు రిటైరయ్యారు. తర్వాత వచ్చిన మేడం, ఆ సోడియం మాకొద్దు, తీసుకుపొమ్మని పై ఆఫీసుకు రెండు ఉత్తరాలు రాశారు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. సీసాలక్క శనివారాలు మాత్రం ఆగలేదు.

నేను ఆఖరి సంవత్సరం చదువుతున్నప్పుడు, ఒక పరీక్ష రోజు, ఆమె భయపడుతూ వచ్చినది నిజంగానే జరిగింది.

పొద్దున్న పదిన్నర. ల్యాబు పక్క హాల్లో నలభైమందిమి పరీక్ష రాస్తున్నాం. పై అంతస్తులో నీళ్ళ పైపు పగిలింది. సీసాలక్క స్టోర్ రూము ముందుకు వచ్చేసరికి తలుపు కింద నుంచి నీళ్ళు వస్తున్నాయి. తలుపు తెరిచింది. పైకప్పు నుంచి ధార కట్టి సరిగ్గా బీరువా మీద పడుతోంది. చెక్క బీరువా. పక్క అరల్లో స్పిరిట్ సీసాలు. గోడకు అవతల ల్యాబు గ్యాసు సిలిండర్లు.

వెనక్కి జరిగి ఫోను తీసింది. మేడం వేరే కాలేజీకి డ్యూటీ మీద వెళ్ళారు, ఫోను ఎత్తలేదు. రిటైరైన సారుకు చేసింది.

"సార్, స్టోరు కప్పు కారుతోంది. సోడియం బీరువా మీదే పడుతోంది."

"డబ్బా తడిసిందా?"

"చూళ్ళేదు సార్. కాళ్ళు రావట్లేదు."

"లోపలికి వెళ్ళకు. ముందు పిల్లల్ని బయటికి పంపు. ఫైరింజన్‌కి ఫోన్ చెయ్యి. నీళ్ళు కొట్టొద్దని వాళ్ళకి గట్టిగా చెప్పు. విన్నావా?"

మా హాల్లోకి ఆమె వచ్చినప్పుడు ముఖంలో నెత్తురుచుక్క లేదు. కాపలా ఉన్న లెక్చరర్‌తో ఏదో గొణిగింది. "పరీక్ష మధ్యలో ఎలా ఆపమంటావు? పది నిమిషాలాగు" అన్నారాయన విసుగ్గా.

మూడేళ్ళలో ఆమె గొంతు పెంచడం మేమెవరం వినలేదు. ఆ రోజు విన్నాం. "లేవండి! కాయితాలు వదిలేసి లేవండి! బయటికి పొండి!" ఆ కేకకు లెక్చరర్‌తో సహా అందరం లేచాం. బెంచీలు తోసుకుంటూ, చెప్పులు కూడా వదిలేసి, మైదానంలోకి పరుగెత్తాం.

ఫైరింజన్ రావడానికి అరగంట పడుతుందన్నారు. ఆమె వరండాలో ఒంటరిగా నిలబడింది. ధార చప్పుడు వినబడుతోంది. బీరువా పైపలక ఉబ్బి, సందులోంచి చెమ్మ లోపలి అరలోకి దిగుతోంది. సారు వెళ్ళొద్దన్నారు. వెళ్ళకపోతే డబ్బాలోకి నీళ్ళు దిగుతాయి. అర్ధకిలో సోడియం, పక్కన స్పిరిట్, గోడ అవతల గ్యాసు. తర్వాత ఆమె నాతో అన్న మాట ఇది: "వెళ్ళాలని అనుకోలేదు తల్లీ. నిలబడటానికి ఇంకా భయమేసింది."

వాచ్‌మన్ కుర్చీకి ఆయన గొడుగు వేలాడుతోంది. అది తీసి విప్పింది. ధార కింద గొడుగు పట్టుకుని బీరువా తెరిచింది. రేకుడబ్బా మూత మీద నీటిబొట్లు. కొంగుతో తుడిచింది. గొడుగు కర్రను మెడకూ భుజానికీ మధ్య ఇరికించి, రెండు చేతులా డబ్బాను పొట్టకు హత్తుకుంది. ఇసుకతో కలిపి బిందెడు బరువుంది. తడి గచ్చు మీద అడుగులో అడుగు వేసుకుంటూ బయటికొచ్చింది. మేమంతా దూరం నుంచి చూస్తున్నాం. నల్ల గొడుగు కింద ఆమె పెదవులు మాత్రం కదులుతున్నాయి. దండకం చదువుతోందనుకున్నాం. అడుగులు లెక్కపెడుతోందని తర్వాత చెప్పింది.

కొత్త గది కట్టడానికి పోసిన ఎండు ఇసుకగుట్ట మైదానం చివర ఉంది. డబ్బాను దాని నడుమ గుచ్చినట్టు దింపి, అక్కడే కూలబడింది.

అప్పుడు వినబడింది స్టోర్ రూములోంచి ఒక చిటపట, వెంటనే చిన్న పేలుడు. కిటికీలో పసుపుపచ్చ మంట లేచింది. ప్రయోగాలు చేసే రోజుల్లో వాడిన చిన్న సీసా ఒకటి కింది అరలో మిగిలిపోయింది. మూత బిగుసుకుపోతే ఖాళీదనుకుని వదిలేశారు. నూనె ఎప్పుడో ఎండిపోయింది. లోపల నాలుగు సోడియం ముక్కలున్నాయి. పారుతున్న నీళ్ళు దాన్ని పడగొట్టి పగలగొట్టాయి.

వాచ్‌మన్ బకెట్టు నిండా నీళ్ళతో పరుగెత్తాడు. సీసాలక్క లేచి, పడి, మళ్ళీ లేచి ఆయన చొక్కా పట్టుకుంది.

"బాబాయ్, నీళ్ళొద్దు! నీళ్ళు పోస్తే ఇంకా మండుతుంది! ఇసుక తే!"

"మంటకి నీళ్ళొద్దంటావేంటే పిచ్చిదానా?"

"ఇది వేరే మంట బాబాయ్, నీ కాళ్ళు పట్టుకుంటా!"

నిజంగానే పట్టుకుంది. ఆయన బకెట్టు పారబోశాడు. లెక్చరర్, ఆయన, మేము నలుగురైదుగురం ఇసుక తట్టలు మోశాం. గుమ్మంలోంచే విసిరాం. ఎవరో పైకి పరుగెత్తి నీళ్ళ వాల్వు కట్టేశారు. ఫైరింజన్ వచ్చేసరికి కింది అర, బీరువా తలుపులు కాలిపోయాయి. స్పిరిట్ దాకా మంట పాకలేదు. ఒక్కరికీ దెబ్బ తగల్లేదు.

వారం తర్వాత ఆఫీసు నుంచి ఆమెకు కాగితం వచ్చింది. మెచ్చుకోలు కాదు. అనుమతి లేకుండా ప్రమాదకరమైన పదార్థాన్ని ఎందుకు కదిలించావో సంజాయిషీ ఇమ్మని. మేడం తన రెండు పాత ఉత్తరాలూ జతచేసి జవాబు రాశారు. ఆ కాగితం సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. రిటైరైన సారు వచ్చి, మూడు రోజులు ఆరుబయట కూర్చుని, సోడియాన్ని గింజలు గింజలుగా కోసి స్పిరిట్‌లో వేసి కరిగించేశారు. సీసాలక్క ఆ మూడు రోజులూ సెలవు పెట్టింది.

ధైర్యం వచ్చిందా అంటే, రాలేదు. కుళాయి కారే చప్పుడు వింటే లేచి కూర్చునేది. వారంలో మూడు బీకర్లు పగలగొట్టింది. అత్తగారే పట్టుబట్టి బదిలీకి అర్జీ పెట్టించింది. "మీ కోడలు నలభైమందిని కాపాడిందట" అని ఎవరన్నా అంటే, "నేను దాన్ని కాపాడుకోవద్దూ?" అనేది ఆవిడ. లైబ్రరీకి మార్చారు. పుస్తకాల మధ్య ఆమె ముఖం మెల్లగా తేటపడింది.

ల్యాబులో కొత్త అటెండర్ చేరినప్పుడు, పని చూపించమని మేడం ఆమెను పిలిపించారు. వచ్చింది. గుమ్మం దాటలేదు. బయట నిలబడే వేలెత్తి, ఏ సీసా ఎక్కడుండాలో, దేన్ని దేని పక్కన పెట్టకూడదో, ఇసుక బకెట్లు ఎక్కడో, గంటసేపు ఒక్కటీ మర్చిపోకుండా చెప్పింది. కొత్తమ్మాయి చెప్పిందల్లా రాసుకుంది. తర్వాత సీసాలక్క గోడవారగా నడుచుకుంటూ లైబ్రరీకి వెళ్ళిపోయింది.